చేతినడగకుండా కొన్న కత్తి

“సారూ, కొన్నడు.”

ఫోన్‌లో ఆమె అన్న మాట అంతే. పెద్దమందడి బస్టాండు దగ్గర బిళ్ల వేసి మాట్లాడే డబ్బా ఫోన్ అది. వెనక బస్సు హారన్ వినిపించింది, తర్వాత లైన్ తెగిపోయింది. ఏం కొన్నాడని నేను అడగలేదు. వాళ్లాయన కొనవలసింది ఒకటే ఉందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అడగవలసింది ఏ రకం కత్తి కొన్నాడని. ఆ ఒక్కటీ అడిగేలోపే ఫోన్ ఆగింది.

వనపర్తి నుంచి మోటార్ సైకిల్ మీద వెళ్లేసరికి ఎండ ముదిరింది. ఊరి బయట ఆయన చేను, ఆయన తమ్ముడి చేను పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండింటి మధ్య సర్కారు తుమ్మ గోడలా పెరిగి ఉంది. జనం దూరంగా నిలబడ్డారు. పిల్లలను ముందే ఇళ్లలోకి తోలేశారు. కంపకు ఇటు పక్క అన్న ఉన్నాడు, చేతిలో కొత్త కత్తి ఎండకు మెరుస్తోంది. కంప చుట్టూ తిరిగి తమ్ముడు వస్తున్నాడు. అతని చేతులు ఖాళీ. కొద్ది దూరంలో ఆగాడు.

అన్న కత్తిని ఎత్తలేదు. నడుము వంచి, నెమ్మదిగా నేల మీద పెట్టి, వెనక్కి జరిగాడు.

నా పక్కన ఉన్న ముసలాయన “అమ్మయ్య” అన్నాడు. కొత్తగా చూసేవాళ్లకు అందులో ఊపిరి పీల్చుకోవలసింది ఏముందో తెలియదు. కత్తి ఇంకా అక్కడే ఉంది, ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ ముసలాయనకు ఏం అర్థమైందో చెప్పాలంటే కొన్నేళ్లు వెనక్కి వెళ్లాలి.

కత్తి పట్టుకొచ్చిన ఆ అన్న, మేం పెద్దాయన అనే మనిషి, ఈ వేసవిలో పోయాడు. పడుకున్న మనిషి తెల్లవారి లేవలేదు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. నేను అప్పట్లో దినపత్రికకు వార్తలు రాసేవాణ్ని. హోటల్లో ఎదురైతే ఆయన చాయ్ సాసర్‌లో పోసుకుంటూ మొదట అడిగేది ఒకటే: “పేపర్ల ఏమున్నది సారూ, మనది గాక?” తన పేరు అచ్చులో పడుతుందేమోనని ఆయనకు భయం. ఏమీ పడలేదని చెబితే సాసర్ ఎత్తి తృప్తిగా ఊదుకునేవాడు. అన్నేళ్లు పడని పేరు ఇప్పుడు పడనక్కరలేదు.

అన్నదమ్ముల మధ్య తగాదా గట్టు దగ్గర వచ్చింది. తండ్రి బతికుండగానే మెట్ట పొలాన్ని నోటిమాటతో చెరిసగం చేసి, మధ్యలో ఒక రాయి పాతాడు. ఆయన పోయిన తర్వాత బావి పూడిక తీశారు. తీసిన మట్టి చుట్టూ పోశారు. ఆ మట్టిలో రాయి ఎక్కడో కలిసిపోయింది. అన్న ఇక్కడుండేదన్నాడు, తమ్ముడు కాదు అక్కడన్నాడు. ఇద్దరి మాటల మధ్య బండిబాట వెడల్పున కొంత జాగా మిగిలింది. ఎవరు నాగలి పెట్టినా రెండోవాడు అడ్డం పడ్డాడు. చివరికి ఇద్దరూ వదిలేశారు. వాళ్లు వదిలేసిన జాగాను సర్కారు తుమ్మ పట్టుకుంది.

పట్టుకున్నప్పుడే కొట్టేయవచ్చు కదా అని బయటివాళ్లు అడుగుతారు. ఆ ఊరి లెక్క వేరు. తగాదాలో ఉన్న జాగా మీది కంప ఎవరు కొడితే జాగా వాళ్లు ఆక్రమించినట్టే. మొదటి దెబ్బ వేసినవాడిది పట్టు. కాబట్టి అన్న కొట్టలేడు, తమ్ముడు కొట్టలేడు, డబ్బిచ్చి ఎవరితోనూ కొట్టించలేరు. ఆ కరువు కాలంలో ఆముదాలు ఎండిపోయాయి, పల్లి ఎండిపోయింది, సర్కారు తుమ్మ మాత్రం ఏ లోటూ లేకుండా పెరిగింది. అడవి పందులు అందులో కాపురం పెట్టి రెండు చేన్లలోనూ సమానంగా తిన్నాయి.

బడి ముందు పంచాయితీ పెట్టిన రోజు మాటా మాటా పెరిగింది. “కంప మీద ఒక్క దెబ్బ ఏసి జూడు, నీ చెయ్యి ఉంటదో పోతదో” అన్నాడు తమ్ముడు.

అన్న లేచి నిలబడ్డాడు. మామూలుగా గొంతెత్తే మనిషి కాదు. ఆ రోజు కూడా ఎత్తలేదు. “కత్తి తెస్త. ఆగు” అన్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఊరంతా విన్నది. ఇక కత్తి తేకుండా ఉండలేడు. ఇంట్లో గొడ్డలి ఉంది, కొడవళ్లున్నాయి. వాటి సంగతి ఆయన ఎత్తలేదు, ఎవరూ గుర్తు చేయలేదు. ఆయన అన్నది కత్తి అని.

నేను ఆయన్ని మొదట చూసింది వనపర్తి సంతలో. కమ్మరి ఇంటావిడ గోనెసంచి పరిచి కొడవళ్లు, గొడ్డళ్లు, పారలు పేర్చుకుని కూర్చునేది. పెద్ద కత్తులు ఒక పక్కన విడిగా ఉండేవి. లారీ కమాను పట్టీలను కొట్టి సాగదీసి చేసినవి. వాటిలో రెండు రకాలు. కొస ముక్కులా లోపలికి వంగినది కమ్మకత్తి. కంప కొట్టడానికి, కొట్టిన కొమ్మను ముల్లు గుచ్చుకోకుండా ఇవతలికి లాగడానికి అది. రెండోది సాఫీగా, కొస దగ్గర బరువుగా ఉండేది. దాన్ని జాతరలో వేటపోతును కొట్టడానికి కొంటారు. వేటకత్తికి కంపలో పని లేదు. పంచాయితీ సంగతి అప్పటికే సంతదాకా పాకింది కాబట్టి, ఆయన వంగితే చాలు, ఏ పక్కకు చెయ్యి పోతుందా అని చుట్టుపక్కల బేరాలు ఆగిపోయేవి.

ఆయన చెయ్యి రెండు పక్కలకూ పోయేది.

ముందు వెన్ను మీద బొటనవేలు నడిపించేవాడు. తర్వాత కత్తిని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి వినేవాడు. పిడిని ముక్కు దగ్గరికి తెచ్చి కర్ర వాసన చూసేవాడు. ఆఖరికి కళ్లు మూసుకుని, కత్తిని చేతిలో వేలాడదీసి కాసేపు అలాగే నిలబడేవాడు. దేవుడి ముందు నిలబడ్డట్టే ఉండేది. కళ్లు తెరిచి, “చెయ్యి ఒప్పుకుంటలేదు” అనేవాడు. కత్తి మళ్లీ గోనె మీదికి పోయేది.

“ఏందన్నా, పెండ్లిపిల్లను జూసినట్టు జూస్తున్నవ్” అంది ఆవిడ ఒకసారి. “మెల్లకన్నున్నదా దానికి?”

“వెన్ను సన్నగున్నదమ్మా.”

“పోయిన వారం దొడ్డుగున్నదంటివి.”

“అది వేరే కత్తి.”

“అదే ఇది. అమ్ముడువోలే. అందరు నీ తీర్గనే జూసి పోతున్నరు, దానికి ఏ జన్మల శాపమో.”

పక్కన ఉల్లిగడ్డలమ్మేవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే ఇంకో కత్తి అందుకున్నాడు.

అందుకున్నాడు అంటే ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడని కాదు. మా వైపు కత్తిని చేతిలోంచి చేతికి ఇవ్వరు. ఇస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య పగ పుడుతుందని నమ్మకం. ఇచ్చేవాడు నేల మీద పెడతాడు, కావలసినవాడు తీసుకుంటాడు. అందరూ పాటించేదే, కానీ ఆయన పట్టింపు ఎక్కువ. హోటల్లో ఉల్లిగడ్డలు కోసే చిన్న కత్తి ఎవరైనా చేతికి చాపితే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. “కింద పెట్టు, కింద పెట్టు. నీతోని నాకేం కొట్లాట?” అనేవాడు. ఊళ్లో సొంత తమ్ముడితో మాటల్లేని మనిషి, ముక్కూ మొగం తెలియని హోటలతనితో పగ వస్తుందేమోనని జాగ్రత్తపడేవాడు.

హోటల్లో కుర్రవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు.

“ఏమే పెద్దనాయనా, దొరికిందా?”

“చూస్తున్న.”

“కంపకా, తమ్మునికా?”

“ముందుగాల కత్తి దొరకనీ.”

“నువ్వు జూసే లోపట మీ తమ్మునికి మనుమలు పుడ్తరు.”

“పుట్టనీ” అనేవాడు, సాసర్‌లోకి చూస్తూ. “మా ఇంటోళ్లే గద.”

ఈ మాటలు వింటే నవ్వొచ్చేది, వెంటనే భయం వేసేది. ఎగతాళి రోజూ పడితే ఏ మనిషైనా ఎక్కడో ఒకచోట తెగిస్తాడు. నేను వార్తలు రాసిన కాలంలో గట్టు తగాదాలు ఎలా ముగుస్తాయో చాలా చూశాను. వాటిలో చాలా మట్టుకు, పేపరు దాకా వచ్చినవి, చెడుగానే ముగిశాయి.

ఒకరోజు పెద్దాయన భార్య నన్ను బస్టాండు దగ్గర పట్టుకుంది. మాట సూటిగా ఉండే మనిషి. “నువ్వు పేపరాయనవు గద. ఆయనకు నువ్వంటే జర మర్యాద. సంతల కనవడితే ఏదో ఒకటి అడుగుతుండు సారూ. మాట్లాడుకుంట కొనడు ఆయన.”

“ఏం అడగాలమ్మా?”

“ఏదన్న. వానలెప్పుడు వడ్తయో అడుగు. అండ్లనే పొద్దువోతది.”

అలా అది నా పనుల్లో ఒకటైంది. సంతకు వెళ్తే ముందు ఆయన ఉన్నాడేమో చూసేవాణ్ని. ఉంటే వెళ్లి వానల సంగతి అడిగేవాణ్ని. ఆవిడ చెప్పింది నిజం. మబ్బు ఏ మూల నుంచి లేస్తే ఏం జరుగుతుందో చెప్పడం మొదలుపెడితే సంత ఎత్తేసేదాకా ఆపేవాడు కాదు. ఆయన జోస్యం ఒక్కసారీ నిజం కాలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

వనపర్తి సంతతో ఆగలేదు. మంచి ఇనుము ఉందని ఎవరు ఎక్కడ చెబితే అక్కడికి పోయేవాడు. రాజోలి దగ్గర ఒక కమ్మరి ఎర్రగా కాలిన ఇనుముకు నీళ్లు తాగించి గట్టిపరచడంలో దిట్ట అంటే, కృష్ణ దాటి అక్కడి దాకా వెళ్లి ఖాళీ చేతులతో వచ్చాడు. తుంగభద్ర చూసి వచ్చానని చెప్పుకున్నాడు.

గద్వాలలో ఒకసారి భార్యాభర్తలిద్దరూ కనిపించారు. మేనకోడలి పెళ్లికి చీర తీసుకోవడానికి తెలిసిన సాలోళ్ల ఇంటికి వచ్చారు. నేను చేనేత మీద ఏదో రాయడానికి ఆ వీధిలోనే ఉన్నాను. ఆవిడ లోపల మగ్గం పక్కన కూర్చుని చీరలు తిరగేస్తోంది. ఆయన అరుగు మీద నిలబడి, వీధి మలుపులో కొలిమి చప్పుడు వస్తున్న వైపు చెవి పెట్టాడు. కొంచెం సేపటికి ఆ వైపు నడిచాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ చీర తీసుకుని, మడత పెట్టించి, మజ్జిగ తాగి బయట కూర్చుంది.

“దొరికిందా?” అంది.

“చెయ్యి ఒప్పుకుంటలేదు.”

“బట్ట, అంచు, కొంగు, రంగు అన్నీ జూసి నేను చీర తీస్కున్న. నువ్వు ఏండ్లకేండ్లు ఒక్క ఇనుప ముక్కను ఎంచుతున్నవ్. నా కాడ నేర్సుకోరాదు ఎంచుకునుడు?”

మగ్గం మీద కూర్చున్నాయన నవ్వు ఆపుకోలేక తొక్కుడు పలక మీద నుంచి కాలు తీసేశాడు. ఆవిడ కూడా నవ్వింది. కానీ ఆయన చూడనప్పుడు నా వైపు తిరిగి, ఏ రకం పట్టుకున్నాడో అడిగి రమ్మన్నట్టు కనుబొమలు ఎగరేసింది. నేను కొలిమి దాకా వెళ్లి అడిగి వచ్చాను. రెండు రకాలూ పట్టుకున్నాడట.

ఇంకో విషయం గమనించాను. కరువు ముదిరిన ఏడు తమ్ముడు భార్యతో సహా వలస పోయాడు. ఆ నెలల్లో పెద్దాయన ఒక్క సంతలోనూ కనిపించలేదు. తమ్ముడు తిరిగొచ్చిన వారమే మళ్లీ గోనెసంచి ముందు వాలాడు. తమ్ముడు లేనప్పుడు కత్తి అక్కరలేదంటే, కత్తి ఎవరికోసమో తేలిపోయిందని అప్పుడు నాకు అనిపించింది. చాలా రోజులు ఆ ఆలోచన నన్ను పట్టుకుని ఉంది. అదే విషయాన్ని ఇంకోలా కూడా చూడవచ్చని, ఎంచడమంతా తమ్ముడికీ ఊరికీ కనబడాలనే జరిగిందేమోనని, తర్వాతెప్పుడో తోచింది.

భయపడింది మాత్రం నాగర్‌కర్నూలులో. అక్కడికి వేరే పని మీద వెళ్లి సంత దాటుతుంటే ఆయన కనిపించాడు. చేతిలో వేటకత్తి ఉంది. మంచి పనితనం. గోటితో కొట్టడం, వాసన చూడడం అయిపోయినట్టుంది. కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఈసారి ఎంతకీ తెరవడం లేదు. అంతకు ముందురోజే చేన్ల దగ్గర తమ్ముడు ఆయన్ని అందరి ముందు కత్తి సంగతి ఎత్తి అన్నాడని నాకు తెలుసు. “మొగోడైతే ఈపాటికి తెచ్చేటోడు” అన్నాడట. నేను దగ్గరికి వెళ్లాను. వానల సంగతి అడగాలనుకున్నాను.

ఆయనే కళ్లు తెరిచి నన్ను చూశాడు.

“పిడి చెమటలు వడ్తున్నది సారూ” అన్నాడు.

చూశాను. పిడి నిజంగానే తడిసి ఉంది. చెమట ఆయన అరచేతిది. మణికట్టు దాకా కారుతోంది. ఆయన కత్తిని గోనె మీద పెట్టి, తువ్వాలతో చెయ్యి తుడుచుకుని, పిడిని కూడా తుడిచాడు, అమ్మేవాడికి నష్టం రాకూడదన్నట్టు. ఇద్దరం వెళ్లి చాయ్ తాగాం. “పేపర్ల ఏమున్నది, మనది గాక?” అని అడిగాడు.

ఆ తర్వాతి పంట కాలంలో అడవి పందులు పగలు కూడా బయటికి రావడం మొదలుపెట్టాయి. తమ్ముడి భార్య పల్లి పీకుతుంటే కంపలోంచి ఒకటి ఉరికి వచ్చి ఆమెను తొడ మీద చీల్చేసింది. ఆ సమయానికి పెద్దాయన కంపకు ఇటు పక్క తన చేనులో ఉన్నాడు. అరుపు విన్నాడు. ఎవరి అరుపో తెలిసింది. ఉరికితే చాలు, పది మందిలో ముందుగా చేరేవాడు ఆయనే. కానీ మధ్యలో కంప ఉంది. దూరి పోదామని చూసి, కాళ్లూ చేతులూ గీసుకుని, ముళ్లు విరిగి దిగబడి, వెనక్కి వచ్చి, చేను చుట్టూ తిరిగి పరుగెత్తాడు. వెళ్లేసరికి ఆమెను మోసుకుని వేరేవాళ్లు రోడ్డెక్కారు. ఆటోలో పక్కన కూర్చుని గాయాన్ని చీర కొంగుతో అదిమిపట్టి దవాఖానాకు తీసుకుపోయింది పెద్దాయన భార్యే. మగవాళ్లు మాటలు మానేసిన ఆ ఏళ్లలో కూడా తోడికోడళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. అది ఇంట్లో మగవాళ్లిద్దరికీ తెలిసే ఉంటుంది.

ఆమె బతికింది. కాలు కొంచెం ఈడుస్తుంది, అంతే.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన వనపర్తిలో కమ్మరి ఇంటికి వచ్చాడు. సంత రోజు కాదు. అప్పుడేం జరిగిందో కమ్మరి ఇంటావిడ నాకు తర్వాత చెప్పింది. ఆయన గోటితో కొట్టలేదట, వాసన చూడలేదట, కళ్లు మూసుకోలేదట. వచ్చి, ఒక కత్తి పట్టుకుని, తువ్వాలలో చుట్టుకున్నాడట.

“చెయ్యి ఒప్పుకున్నదా అన్నా?” అని అడిగిందట ఆవిడ.

“ఇయ్యాల అడగలే” అన్నాడట.

కానీ ఇవేవీ ఆ పొద్దున మాకు తెలియవు. మాకు తెలిసింది “కొన్నడు” అన్న ఒక్క మాట. తమ్ముడు రాత్రంతా దవాఖానాలో ఉండి, నిద్ర లేక, దెబ్బతిన్న మనిషిలా చేనుకు వచ్చాడు. సరిగ్గా ఈ రోజు చూసుకుని అన్న కత్తి తెచ్చాడని ఊరు అనుకుంది. నేను మోటార్ సైకిల్ దిగి జనంలోకి వెళ్లినప్పుడు చూసింది మనుషుల్ని కాదు, కత్తి కొసను. కొస వంగి ఉంది. ముక్కు ఉంది. కమ్మకత్తి. అయినా కమ్మకత్తి మనిషిని కోయదని ఎవరు చెప్పగలరు?

అప్పుడే ఆయన వంగి దాన్ని నేల మీద పెట్టాడు. పక్కనున్న ముసలాయన అమ్మయ్య అన్నది అందుకే. కొట్టేవాడు కత్తిని నేల మీద పెట్టడు. ఇచ్చేవాడు పెడతాడు.

తమ్ముడికి వెంటనే అర్థం కాలేదు. కత్తి వైపు చూశాడు, అన్న వైపు చూశాడు. అన్న మోకాళ్ల మీద ముళ్ల గీతలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. వాటి వైపు కూడా చూశాడు.

“తెస్తనంటి గద” అన్నాడు పెద్దాయన. “మొదటి దెబ్బ నువ్వెయ్యి.”

అన్ని ఏళ్ల తర్వాత తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అది. ఊరి లెక్కలో దాని అర్థం, జాగా నువ్వే తీసుకో అని. జనంలో గుసగుస లేచింది. తమ్ముడు కదల్లేదు.

“పెద్దోనివి నువ్వుండంగ నేనెట్లేస్త?”

“నేనేస్తే నాదంటరు.”

“నేనేస్తే నాదనరా?”

“అననీ.”

తమ్ముడు కత్తి దగ్గరికి వచ్చాడు. తర్వాత వంగి కత్తి తీసుకున్నాడు. చేతిలో ఒకసారి ఆడించి చూసి, “వెన్ను జర దొడ్డుగున్నది” అన్నాడు.

“ఉండనీ. కంపకు గట్లనే ఉండాలె.”

తమ్ముడు కంప దగ్గరికి వెళ్లి ఒక దెబ్బ వేశాడు. ముక్కుతో కొమ్మను ఇవతలికి లాగి పడేశాడు. అంతే. రెండో దెబ్బ వేయలేదు. వెనక్కి వచ్చి కత్తిని నేల మీద పెట్టాడు.

“ఇగ నువ్వెయ్యి. ఎవ్వనిదీ కాకుంట పోనీ.”

పెద్దాయన తీసుకున్నాడు. ఒక దెబ్బ వేసి పెట్టాడు. తమ్ముడు తీసుకున్నాడు. అలా పెట్టుకుంటూ తీసుకుంటూ ఇద్దరూ కంప కొట్టారు. ఎవరి దెబ్బ ఎక్కువ కాకుండా చూసుకున్నారు. ఇంత నిదానంగా కంప కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఒకే కత్తి, దెబ్బకోసారి నేల మీదికి పోయి మళ్లీ లేవాలి. ముసలాయన కాసేపు చూసి, “గిట్లయితే దీపావళి దాక కొడ్తరు” అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. జనం ఒక్కొక్కరే పలచబడ్డారు. పెద్దాయన భార్య సద్దిమూట తెచ్చి ఇద్దరికీ పెట్టింది. ఇద్దరూ చెరో పక్క తిరిగి తిన్నారు.

సాయంత్రం మా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఆ వైపు ఏమైనా ఉందా అని. ఏమీ లేదన్నాను. జరగనిదాన్ని వార్త అనరు. ఏమీ లేదని అంత హాయిగా నేను ఇంకెప్పుడూ చెప్పి ఉండను. ఆ తర్వాత ఇంటికి వెళ్లి కడుపునిండా తిన్నాను.

సర్కారు తుమ్మ మొదలంటా పోయేది కాదు. వాన పడితే మోడుల్లోంచి మళ్లీ చిగురు వేస్తుంది. కాబట్టి ఏటా కొట్టాలి. ఏటా కొట్టాలి కాబట్టి, అన్నదమ్ములు ఏటా ఒక రోజు ఆ జాగాలో కలిశారు. మొదటి దెబ్బకు వంతు పెట్టుకున్నారు. ఒక ఏడు తమ్ముడిది, మరుసటి ఏడు అన్నది. వచ్చే ఏడు మొదటి దెబ్బ ఎవరిదో వాళ్లింట్లో కత్తి ఉండేది. మిగతా రోజుల్లో పెద్దగా మాట్లాడుకున్నారని చెప్పలేను. కానీ పల్లి ఇంటికి చేరింది. పందులు ఇంకో చోటు చూసుకున్నాయి. పెద్దాయన సంతలకు రావడం మానేశాడు. కమ్మరి ఇంటావిడ కొన్నాళ్లు అడిగింది, “ఏడున్నడు నా పెండ్లికొడుకు?” అని.

చాలా ఏళ్లకు, మా ఇద్దరికీ తలలు నెరిశాక, ఒకసారి అడిగాను. ఆ రోజు నాగర్‌కర్నూలులో ఆ కత్తి కొని ఉంటే ఏమయ్యేదని.

ఆయన సాసర్ కింద పెట్టాడు.

“పిడి బాగలేకుండె గద సారూ” అన్నాడు.

మిగిలిన చాయ్ సాసర్‌లోకి ఒంపుకున్నాడు.

ఆయన దినాలకు వెళ్లినప్పుడు కత్తి చూరులో దోపి ఉంది. ఏటా సాన పట్టి పట్టి సగం సన్నబడింది. పిడి రెండుసార్లు మార్చారు. ముక్కు ఇంకా ఉంది. కొన్నప్పుడు వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు అన్నీ ఒకే పాలమూరు జిల్లా. ఇప్పుడు మూడూ మూడు జిల్లాలయ్యాయి, వాటికి హద్దులు గీశారు. ఆ రెండు చేన్ల మధ్య హద్దురాయి మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతనూ ముసలివాడయ్యాడు. ఈ ఏడు కంప సంగతి ఏమిటని అడిగాను.

“ఈయేడు అన్నది వంతు” అన్నాడు.

పెద్దాయన భార్య లోపలి నుంచి వింది. “నువ్వే తీస్కపోయి కొట్టరాదు మరిదీ. ఆడనే ఉన్నది” అంది.

“పెట్టేటోడు లేనిది ఎట్ల తీస్కుంట వదినె?”

“నేను పెడ్త.”

“పెట్టు మరి” అన్నాడు తమ్ముడు.

ఆమె చూరు వైపు చూసింది, చెయ్యి మాత్రం చాపలేదు. చుట్టాలెవరో వచ్చారు, మాట అక్కడే ఆగింది.

నిన్న పెద్దమందడి నుంచి వచ్చినాయన్ని అడిగాను. కత్తి చూరులోనే ఉందట. వానలు ముందే పడ్డాయి. కంప మోకాళ్లెత్తు దాటింది. దాని మీద ఇంకా ఎవరూ దెబ్బ వేయలేదు.